తేనె తాకినంత మేరే మందు



డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మారకోపన్యాసం ఇవ్వమని పిలిచినప్పుడు, ఆయన చేతుల మీదుగా వచ్చిన మందుల గురించే చెబుతాననుకున్నారు నిర్వాహకులు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్... ఒక్కోదానికీ ఒక్కో ఉపన్యాసం పడుతుంది. నేను తేనె గురించి మాట్లాడతానన్నాను. వంటింటి అలమరలో ఉండే వస్తువుకు ఇంత సభ ఎందుకని వాళ్లు పైకి అనలేదు గానీ, గొంతులో తెలిసిపోయింది.

ఎందుకో చెబుతాను. సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు ప్రొఫెసరుగారికి కోపం తెప్పించి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం పాఠాలు చెప్పారు. అన్నదమ్ములను బలి తీసుకున్న స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయనకూ వచ్చింది. కుదిర్చింది లక్ష్మీపతి గారి వైద్యం. అలా బతికి బయటపడ్డ మనిషి, ఆ మందుకు దణ్ణం పెట్టి ఊరుకోవచ్చు. అల్లోపతీ చదివినవాడు గనక ఏదో కాకతాళీయం అని కొట్టిపారేయనూ వచ్చు. ఆయన రెండూ చేయలేదు. ఆ మందులో పనిచేసింది ఏమిటి, ఎలా పనిచేసింది అని అడిగారు. ఆ ప్రశ్న పట్టుకునే 1922లో బోస్టన్ చేరారు. 1945 నాటికి లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అదే స్ప్రూకూ మందైంది.

ఆ ప్రశ్ననే ఇవాళ తేనెను అడుగుదామని నా ఉద్దేశం.

1

మన ఇళ్లలో తేనె మందు కాని రోజంటూ లేదు. జలుబు చేస్తే అల్లం రసంలో తేనె, దగ్గొస్తే మిరియాల పొడి తేనెలో రంగరించి నాలిక మీద, ఒళ్లు తగ్గాలంటే పరగడుపున నిమ్మకాయ నీళ్లలో తేనె. ఆయుర్వేదంలో అయితే చాలా చూర్ణాలకు తేనే అనుపానం. ఇవన్నీ ఒకే గాటన కట్టి ‘తేనె మంచిది’ అనేస్తాం. ఎవరికి, ఎంత, ఎక్కడ అన్న మూడు మాటలూ అందులో జారిపోతాయి.

పాతవాళ్లు ఆ మూడింటినీ వదల్లేదు. చరకుడు తేనెను కొద్దిగానే తినమన్నాడు. తేనె వల్ల వచ్చిన అజీర్తిని కుదర్చడం మహా కష్టమన్నాడు. వేడి చేసిన తేనె కూడదన్నారు, నెయ్యీ తేనే సమానంగా కలిపి తినకూడదన్నారు. కొత్త తేనెకు, పాత తేనెకు గుణం వేరన్నారు. ఈ హద్దులన్నీ గ్రంథాల్లోనే ఉండిపోయాయి, తీపి మాత్రం ఇళ్లకు చేరింది. వేణ్ణీళ్లలో తేనె కలుపుకుని ఆయుర్వేదం పాటిస్తున్నాననుకునే వాళ్లు ఈ సభలోనూ ఉండే ఉంటారు. చేతులెత్తమని అడగను లెండి.

నేను చెప్పదలచింది ఒకటే. తేనె అది నేరుగా తాకిన చోట మందు. గొంతు దిగాక చక్కెర. ఈ మాటకు రుజువులు ఒక్కొక్కటిగా పెడతాను. ఒప్పుకోనివాళ్లు చివర్లో నన్ను నిలదీయండి.

2

ముందు పుండు దగ్గర మొదలుపెడదాం. తినే తేనె గురించి చెప్పడానికొచ్చి పుండు దగ్గరికి పోయాడేమిటని అనుకోకండి. తేనెకున్న పేరంతా అక్కడ సంపాదించుకున్నదే.

తేనెలో సుమారుగా 38 శాతం ఫ్రక్టోజు, 31 శాతం గ్లూకోజు, 17 శాతం నీరు. నీటికన్నా చక్కెర అంత ఎక్కువ ఉన్నచోట సూక్ష్మజీవులు బతకలేవు. ఆ చక్కెర వాటిలోని నీటిని బయటికి లాగేస్తుంది. పైగా తేనె పుల్లన, పీహెచ్ 4కు అటూ ఇటూ. మూడోది అసలు చమత్కారం. తేనెటీగ తన గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అందులో కలుపుతుంది. చిక్కటి తేనెలో అది దాదాపు నిద్రపోతూ ఉంటుంది. పుండులోంచి ఊరే రసితో తేనె కాస్త పలచబడగానే పని మొదలుపెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. దెబ్బ మీద కాంపౌండరు పోస్తే బుసబుసా పొంగేదే ఆ పెరాక్సైడు. ఇక్కడ కణాలు మాడిపోనంత తక్కువగా, గంటల తరబడి వస్తుంది.

న్యూజీలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ మనుకా అనే పొద పూల తేనెను పరీక్షించి, పెరాక్సైడును తీసేసినా అది బ్యాక్టీరియాను ఆపుతోందని చూపించాడు. ఆ మిగిలిన శక్తి మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థానిదని ఆ తర్వాత జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హెన్లె బృందం తేల్చింది. మనుకా తేనె సీసాల మీద కనబడే అంకెల గొడవంతా దాని గురించే.

మన దగ్గరి పనీ తక్కువేం కాదు. మన మగ్గాలవాళ్లు ఎందరో వెళ్లి స్థిరపడ్డ సోలాపూర్‌లోనే, అక్కడి వైద్య కళాశాలలో ఎం. సుబ్రహ్మణ్యం అనే సర్జన్ 104 మంది కాలిన గాయాల రోగులను తీసుకుని, సగం మందికి తేనె కట్టు, సగం మందికి అప్పట్లో అందరూ వాడే సిల్వర్ సల్ఫాడయాజిన్ కట్టారు. 1991లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఆ ఫలితాలు వచ్చాయి, తేనె వైపే మొగ్గు. 2015లో కొక్రేన్ సమీక్షకులు ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసి, పైపైన కాలిన గాయాలు మామూలు కట్లకన్నా తేనె కట్టుతో నాలుగైదు రోజులు ముందే మానుతున్నాయన్నారు. మిగతా రకాల పుండ్ల విషయంలో అంత గట్టిగా చెప్పలేమనీ అన్నారు.

వైద్య విద్యార్థులు ఇది రాసుకోండి: ఆసుపత్రిలో పుండుకు పెట్టే తేనె కిరాణా కొట్టు తేనె కాదు. అమెరికాలో 2007లో అనుమతి పొందిన తేనె కట్టులాంటివాటిలో వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసినది. కాచి శుద్ధి చేస్తే ఎంజైము చస్తుంది, బ్యాక్టీరియా విత్తనాల్లాంటి స్పోర్లు మాత్రం చావవు. ఈ స్పోర్ల మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

3

గొంతు దగ్గరికి వద్దాం. తినే తేనె మందుగా నిజంగా పనిచేసే చోటు ఇదొక్కటే అని నా అభిప్రాయం.

2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇయాన్ పాల్ బృందం జలుబుతో దగ్గుతున్న 105 మంది పిల్లలను తీసుకుంది. కొందరికి పడుకునే ముందు తేనె, కొందరికి తేనె రుచి కలిపిన డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దగ్గుమందు, కొందరికి ఏమీ లేదు. పొద్దున్నే తల్లిదండ్రులను అడిగితే, రాత్రి దగ్గు తగ్గిందనీ నిద్రపట్టిందనీ ఎక్కువ మార్కులు తేనెకే వేశారు. ఏమీ ఇవ్వని పిల్లలకన్నా తేనె తిన్నవాళ్లు స్పష్టంగా మెరుగు, దగ్గుమందు తాగినవాళ్లు కాదు. 2012లో ఇజ్రాయెల్‌లో ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలు 300 మందికి పడుకునే ముందు 10 గ్రాములిచ్చి చూశారు, కొందరికి మూడు రకాల తేనెల్లో ఒకటి, కొందరికి ఖర్జూరపు పాకం. పాకం తాగినవాళ్లకూ తగ్గింది, తేనె నాకినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ తగ్గింది. దానికి డబ్బు పెట్టినవాళ్లలో ఆ దేశపు తేనె మండలి ఉందని కూడా చెప్పాలి. ఖర్జూరపు పాకానికీ కొంత పేరు దక్కిందంటే, గొంతు గోడ మీద చిక్కగా జారే ఆ పూతకే చాలావరకు ఫలితం వస్తోందని నేను అనుకుంటున్నాను. 2018లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ రాయొద్దని చెబుతూ, ముందు తేనె వాడి చూడమన్నాయి. మన నాయనమ్మలు దీనికి పేటెంటు తీసుకోలేదు గానీ!

ఇంకో సంగతి మీలో చాలామందికి కొత్తగా ఉండొచ్చు. రిమోట్లలో, బొమ్మల్లో వాడే బిళ్ల బ్యాటరీని పిల్లలు మింగుతుంటారు. అన్నవాహికలో అడ్డం పడితే రెండు గంటల్లోనే అక్కడి కండను కాల్చేస్తుంది. బ్యాటరీ చుట్టూ క్షారం పుట్టడమే దానికి కారణం. 2018లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు తేనె ఆ క్షారాన్ని కొంత తటస్థపరిచి, పూతగా అడ్డుపడుతుందని చూపించారు. ఏడాది దాటిన బిడ్డ మింగి 12 గంటలు కాకపోతే, పది నిమిషాలకోసారి రెండు చెంచాల చొప్పున, ఆరు సార్లకు మించకుండా ఇవ్వొచ్చని అమెరికా విష నివారణ కేంద్రం మార్గదర్శకం. అది కూడా ఆసుపత్రికి పోయే దారిలోనే. తేనె పట్టించాం కదా అని ఇంట్లో కూర్చోవడానికి కాదు. చూశారా, ఇక్కడా తేనె పనిచేసింది తాకిన చోటే.

4

గొంతు దిగాక ఏం జరుగుతుంది?

చెంచా తేనె 7 గ్రాములు. గ్లాసు నీళ్లలో కలిపితే మూడున్నర శాతం. సూక్ష్మజీవి ఒంట్లో నీరు లాగేసే ఆ చిక్కదనం అక్కడితో సరి. పెరాక్సైడు తయారుచేసే ఎంజైమూ ఒక ప్రోటీనే, కడుపులో పప్పుకూ గుడ్డుకూ పట్టే గతే దానికీ పడుతుంది. మరి వేలకు వేలు పోసి కొన్న మనుకా? దాన్ని కృత్రిమ జీర్ణరసాల్లో ఉంచి చూస్తే, ఆ మిథైల్‌గ్లయాక్సాల్ చాలావరకు అక్కడి ప్రోటీన్లతో చర్య జరిపి మాయమైంది. చూపించింది మరెవరో కాదు, దాన్ని కనిపెట్టిన డ్రెస్డెన్ బృందమే. పేగు దాటి ఒంటికి చేరేవి గ్లూకోజు, ఫ్రక్టోజు, పిసరంత పూల రసాయనాలు. పెద్ద చెంచా తేనెకు 64 కేలరీలు, 17 గ్రాముల చక్కెర.

‘షుగరున్నా తేనె తినొచ్చటగా సార్?’ నన్ను పెళ్లిళ్లలో, రైళ్లలో, ఒకసారి శవయాత్రలో కూడా అడిగిన ప్రశ్న ఇది. తేనె చక్కెరకన్నా రక్తంలో గ్లూకోజును కాస్త నిదానంగా పెంచుతుంది, అదీ పువ్వును బట్టి మారుతుంది. అంతమాత్రాన పెంచకుండా ఉండదు. 2009లో ఇరాన్‌లో మధుమేహులకు 8 వారాలు తేనె ఇచ్చి చూశారు. బరువు కొద్దిగా తగ్గింది, కొలెస్టరాల్ కాస్త మెరుగుపడింది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం పెరిగింది. సగం వార్త చదివితే తేనె దివ్యౌషధం, మిగతా సగం చదివితే మందు డోసు పెంచాలి.

టొరంటో విశ్వవిద్యాలయం వారు 2022లో 18 ప్రయోగాలను, 1,100 మందికి పైగా మనుషులను కలిపి చూసి, రోజుకు దాదాపు 40 గ్రాముల తేనెతో పరగడుపు గ్లూకోజు, చెడు కొలెస్టరాల్ కొద్దిగా తగ్గాయన్నారు. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. కానీ ఆ పరిశోధకులే రుజువు బలం తక్కువన్నారు. మంచి తిండి తింటూ, మొత్తం చక్కెర మితంగా ఉన్నవాళ్లలో కనబడ్డ ఫలితమన్నారు. చక్కెర మానేసి దాని చోట తేనె వేసుకునేవాళ్లకే తప్ప, కొత్తగా తేనె మొదలుపెట్టమని ఎవరికీ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరకు గీసిన గీతలో తేనె కూడా ఉంది. రోజు మొత్తానికి 25 గ్రాములలోపు ఉంటే మేలని వాళ్ల సలహా. కాఫీలో చక్కెర, బిస్కెట్లో చక్కెర, పైన ‘ఆరోగ్యానికి’ రెండు చెంచాల తేనె. లెక్క మీరే వేసుకోండి.

నిమ్మరసం, తేనె కలిపిన గోరువెచ్చని నీళ్లతో కొవ్వు కరగదు. పొద్దున్నే ఇడ్లీ మానేసి అది తాగితే బరువు తగ్గుతారు; ఆ ఘనత మానేసిన ఇడ్లీది.

5

బ్యాటరీ సంగతి పక్కన పెడితే, ఇప్పటిదాకా చెప్పినవి తప్పితే పోయేది డబ్బో, కాస్త షుగరో. పసిబిడ్డ దగ్గర అలా కాదు.

ప్రసూతి వార్డులో నేను ఎన్నోసార్లు చూసిన దృశ్యం. బిడ్డ పుట్టి గంట కాలేదు. అమ్మమ్మ చెంగు ముడి విప్పి చిన్న సీసా తీస్తుంది. మేనమామ వేలి ఉంగరం తీసి ఇస్తాడు. ఉంగరాన్ని తేనెలో ముంచి బిడ్డ నాలిక మీద రాయాలి. కొన్ని ఇళ్లలో ఆ తర్వాత నెలల్లో సానరాయి మీద వస కొమ్ము అరగదీసి తేనెతో నాకిస్తారు, మాటలు బాగా వస్తాయని. నాకు వస మోతాదు మించి పోశారని మా ఇంట్లో అనేవారు. ఈ ఉపన్యాసం నిడివి చూస్తే మీకూ నమ్మకం కుదురుతుంది.

తేనెలో క్లాస్ట్రిడియం బోట్యులినం అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉండే అవకాశం ఉంది. మట్టిలో, దుమ్ములో ఉండేవే తేనెలోకీ చేరతాయి. ఎంత నిఖార్సైన తేనె అయినా, మన కళ్లముందే పట్టు పిండినదైనా దీనికి మినహాయింపు లేదు. తేనెలో అవి మొలకెత్తలేవు, నిద్రలో ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో మిగతా బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది కాబట్టి వచ్చినవి వచ్చినట్టే పోతాయి. ఏడాది నిండని బిడ్డ పేగు ఇంకా ఖాళీ పొలం. అక్కడ మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం నరం నుంచి కండకు వెళ్లే కబురును ఆపేస్తుంది. ముందు మలబద్ధకం, తర్వాత పాలు సరిగా చీకకపోవడం, ఏడుపు సన్నబడటం, కనురెప్పలు వాలిపోవడం, మెడ నిలబడకపోవడం. చివరికి ఊపిరి తీసే కండరాలూ పడిపోతాయి. 1976లో కాలిఫోర్నియాలో ఈ జబ్బును మొదట గుర్తించారు, కొన్నేళ్లలోనే తేనెతో సంబంధం బయటపడింది. సకాలంలో వెంటిలేటరు అందితే బిడ్డ సాధారణంగా పూర్తిగా కోలుకుంటాడు, వారాలు పట్టినా సరే. కాలిఫోర్నియాలో దానికి ప్రత్యేకమైన ప్రతివిషమూ ఉంది. మన జిల్లా ఆసుపత్రిలో అది దొరుకుతుందని ఆశపడకండి.

‘తరతరాలుగా నాకిస్తున్నాం, మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు’ అంటారు. నిజమే, చాలామందికి ఏమీ కాదు. ప్రతి సీసాలోనూ స్పోర్లు ఉండవు, ఉన్నా ప్రతి బిడ్డకూ జబ్బు రాదు. అయితే బిడ్డ మలంలో ఆ విషం కోసం వెతికే పరీక్ష మామూలు ఆసుపత్రిలో చేయరు. ఒళ్లు వేలాడేసిన పసిబిడ్డను తెస్తే చీము జ్వరమనో, మెదడువాపనో రాసి వైద్యం మొదలుపెడతాం. వెతకని జబ్బు లెక్కల్లో కనబడదు. కాచి పట్టిస్తాం అంటారు ఇంకొందరు; ఆ స్పోర్లు మరిగే నీళ్లకు లొంగవు, ప్రెషరు కుక్కర్లాంటి 121 డిగ్రీల వేడి కావాలి.

పైగా ఆ మొదటి గంటలో బిడ్డ నోట్లో పడాల్సినవి ముర్రుపాలు. తేనె, పంచదార నీళ్లు ముందు పట్టిస్తే ఆ పాలు వెనకబడతాయి. నాకు ఈ రెండో నష్టమే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇది అరుదు కాదు.

ఒక అమ్మమ్మతో వాదించి వాదించి చివరికి, ‘ఏడాది పుట్టినరోజున పాయసంతో పాటు పెట్టండమ్మా, అప్పుడు నేనూ వస్తాను’ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అయితే ఒట్టి ఉంగరం తాకిస్తాను, దానికేమైనా అభ్యంతరమా డాక్టరు గారూ?’ అంది. సబ్బుతో కడిగి నుదుటికి తాకించమన్నాను. ఆచారమూ జరిగింది, బిడ్డ ముర్రుపాలూ తాగాడు.

6

చివరి మెట్టు, సీసాలో ఉన్నది ఏమిటన్నది. మందు అన్నాక లోపల ఏముందో తెలియాలి కదా.

2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను జర్మనీ ప్రయోగశాలకు పంపి ఎన్ఎంఆర్ పరీక్ష చేయిస్తే 10 తప్పాయి. చెరకు, మొక్కజొన్న పాకాలను పట్టుకునే పాత పరీక్షకు చిక్కకుండా బియ్యపు పాకాలు తయారవుతున్నాయని వాళ్లు బయటపెట్టారు. దగ్గుకు అలాంటి సీసా కూడా కొంత పనిచేస్తుందేమో, ఖర్జూరపు పాకం పనిచేసినట్టు. మందుకని కొన్నవాడు మాత్రం మోసపోయినట్టే. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి గీయడం, చీమలు పట్టాయా లేదా, కుక్క మూతి పెట్టిందా లేదా — వీటిలో ఒక్కటీ కల్తీని పట్టలేదు. చిక్కటి పాకం చుక్క కూడా అడుక్కే పోతుంది.

విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అడవి తేనెను గిరిజనుల దగ్గర కొని అమ్ముతోంది. నల్లమలలో చెంచులు కొండచరియకు తాడు కట్టుకుని దిగి పెద్ద తేనెపట్టు కోసుకొస్తారు. ఆ కష్టానికి తగ్గ ధర ఇచ్చి కొనండి. అది మంచి ఆహారం. అడవిది గనక మందు గుణం ఎక్కువ ఉంటుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. అడవి తేనె అన్నిచోట్లా నిరపాయం కూడా కాదు. టర్కీ నల్లసముద్ర తీరంలో, నేపాల్ కొండల్లో రోడోడెండ్రాన్ పూల తేనెలో గ్రయనోటాక్సిన్ ఉంటుంది. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో గ్రీకు సైనికులు ఆ తీరంలో తేనె తిని కుప్పలుగా పడిపోయారని జెనోఫన్ రాసిపెట్టాడు. గుండె కొట్టుకోవడం నెమ్మదించి, రక్తపోటు పడిపోతుంది. టర్కీలో ఇప్పటికీ ఆ తేనె తిని ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది నడివయసు మగవాళ్లు. బీపీకో, పడకింటి బలానికో మందని తిన్నవాళ్లే. తేనెటీగ విషపు పూల మీదా వాలుతుంది గనక తేనెను జాగ్రత్తగా వాడాలన్న మాట మన సుశ్రుతుడిలోనూ ఉంది.

ఆ పడకింటి బలం పేరుతోనే ఇప్పుడు చిన్న చిన్న ప్యాకెట్లలో తేనె అమ్ముతున్నారు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అలాంటివి అమ్మే నాలుగు కంపెనీలకు హెచ్చరిక పంపింది. పరీక్షిస్తే ఆ తేనెలో సిల్డెనాఫిల్, టాడలాఫిల్ దొరికాయి, ప్యాకెట్ మీద ఆ పేర్లు లేవు. గుండెజబ్బుకు నాలుక కింద నైట్రేటు మాత్ర పెట్టుకునేవాడు అది తింటే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోగలదు. కాబట్టి విద్యార్థులారా, గుండెనొప్పితో వచ్చిన పెద్దమనిషిని ఏమేం మందులు వాడుతున్నారని అడిగేటప్పుడు, ‘బలానికి ఏమైనా తేనె తింటున్నారా’ అని కూడా అడగండి. పక్కన భార్య లేనప్పుడు అడిగితే నిజం చెబుతాడు.

నాకిచ్చిన సమయం దాటి పది నిమిషాలైందని అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలకు సిద్ధంగా ఉన్నాను. షుగరు మాత్ర వేసుకునే వేళైన పెద్దలు ముందు అడగండి.